కంటికి డాక్టర్ ఎవరు?

కళ్లజోళ్ల షాపులో చీటీ రాసిచ్చే అబ్బాయి డాక్టరే. ఆసుపత్రిలో ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి లెన్సులు మార్చే అమ్మాయీ డాక్టరే. లోపల గదిలో కూర్చున్న పెద్దాయనా డాక్టరే. మన లెక్కలో కంటి మీద చెయ్యి వేసినవాళ్లంతా డాక్టర్లే! నిజానికి వాళ్లు వేర్వేరు చదువులు చదివినవాళ్లు, వేర్వేరు పనులు చేసేవాళ్లు. ఎవరి పని ఏమిటో తెలిస్తే డబ్బూ సమయమూ ఆదా అవుతాయి. ఒక్కోసారి చూపే నిలబడుతుంది.

నలభై దాటాయి. పేపరు చదువుదామంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. చెయ్యి బారుగా చాపి పట్టుకుంటే తప్ప కనిపించడం లేదు. ఏం చేస్తాం? సాయంత్రం ఇంటికెళ్తూ సెంటర్లో ఉన్న కళ్లజోళ్ల షాపులోకి దూరతాం. అక్కడ కంప్యూటర్ మిషన్ మీద గడ్డం ఆనించమంటారు. లోపల దూరంగా ఓ బెలూనో, ఇల్లో కనిపిస్తుంది. అర నిమిషంలో చీటీ వస్తుంది. గంటలో జోడు చేతికొస్తుంది. 'కళ్లు చూపించుకున్నాం కదా' అనుకుని నిశ్చింతగా ఉంటాం.

చూపించుకున్నది చూపు మాత్రమే. కళ్లు కాదు!

ఆ మిషన్ చెప్పేది ఒక్కటే. వెలుతురు కిరణాలు కంట్లో సరైన చోట కలవాలంటే ఎంత పవరు అద్దం కావాలన్నది. కంట్లో ఒత్తిడి ఎంతుందో, కంటి నరం ఎలా ఉందో, మధుమేహం రెటీనాను ఏం చేస్తోందో దానికి తెలియదు. నీటికాసుల జబ్బునే తీసుకోండి. చాలామందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు అంచుల నుంచి లోపలికి తరుగుతూ వస్తుంది. ఎదురుగా ఉన్న అక్షరాలు మాత్రం చాలాకాలం బాగానే కనిపిస్తాయి. అందుకే చార్టులో చివరి వరస దాకా చదివేసిన మనిషికి కూడా లోపల జబ్బు ముదిరి ఉండొచ్చు. తలుపు గడపకు తగులుకుంటున్నాననో, పక్కనుంచి వచ్చే బండి కనిపించడం లేదనో అనుమానం వచ్చేసరికి నరం సగానికి పైగా దెబ్బతిని ఉంటుంది. అలా పోయిన చూపు మందులతోనూ రాదు, ఆపరేషన్‌తోనూ రాదు. ఉన్నది కాపాడుకోవడమొక్కటే దారి.

కాబట్టి అసలు ప్రశ్న 'ఏ షాపుకెళ్లాలి' అన్నది కాదు. 'ఎవరి దగ్గరికెళ్లాలి' అన్నది.

పెద్ద డాక్టర్: ఆఫ్తల్మాలజిస్ట్

ఎంబీబీఎస్ పూర్తిచేసి, ఆ తర్వాత మూడేళ్లు ఎమ్మెస్ లేదా డీఎన్‌బీ చేసినవారు ఆఫ్తల్మాలజిస్టులు. రెండేళ్ల డిప్లొమా చేసిన పాత తరం వైద్యులూ ఉన్నారు. కంటి జబ్బును నిర్ధారించడం, మందులు రాయడం, ఆపరేషన్ చేయడం... ఈ మూడూ చేయగలిగింది వీరే. కంట్లో కనిపించే మార్పును చూసి అది ఒంట్లోని బీపీ వల్లనా, మధుమేహం వల్లనా, మెదడులో తేడా వల్లనా అని ఆలోచించగలిగేదీ వీరే. ఎందుకంటే కన్ను కంటే ముందు వీళ్లు మొత్తం శరీరాన్ని చదువుకున్నారు.

ఇందులోనూ మళ్లీ శాఖలున్నాయి. నల్లగుడ్డు మీది పారదర్శక పొరను చూసేవారు కార్నియా నిపుణులు. వెనకనున్న తెరను చూసేవారు రెటీనా నిపుణులు. నీటికాసులకు గ్లకోమా నిపుణులు. పిల్లల మెల్లకన్నుకు, పుట్టుకతో వచ్చే శుక్లాలకు పిల్లల కంటి నిపుణులు. కనురెప్పలు, కన్నీటి గొట్టాల సమస్యలకు ఆక్యులోప్లాస్టీ నిపుణులు. శుక్లాల ఆపరేషన్ దాదాపు అందరూ చేస్తారు. కానీ రెటీనా ఊడిపోయిందంటే మాత్రం ఆ విద్యలో ప్రత్యేక శిక్షణ పొందిన చెయ్యే కావాలి.

కంటి వైద్యంలో తెలుగువాళ్ల చరిత్ర చిన్నదేమీ కాదు. ఊరూరా శిబిరాలు పెట్టి లక్షలాది శుక్లాల ఆపరేషన్లు చేసిన డాక్టర్ పి.శివారెడ్డికి పద్మభూషణ్ దక్కింది. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను స్థాపించారు. ప్రఖ్యాత సినీ నిర్మాత, దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ కుటుంబం స్థలమూ విరాళమూ ఇవ్వడంతో సంస్థకు ఆయన పేరే పెట్టారు. మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, విశాఖలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రి తరతరాలుగా పేదలకు పెద్ద దిక్కు.

చూపు కొలిచే నేర్పరి: ఆప్టోమెట్రిస్ట్

పెద్ద ఆసుపత్రికి వెళ్తే డాక్టర్ గదికంటే ముందు మరో గదిలోకి పంపుతారు. అక్కడ టార్చిలాంటి పరికరంతో కంట్లోకి వెలుతురు వేసి అటూ ఇటూ కదుపుతారు. తర్వాత 'ఇది బాగుందా, అది బాగుందా' అని అడుగుతారు. ఆ అడిగేది ఆప్టోమెట్రిస్ట్.

వీరిది ఎంబీబీఎస్ కాదు. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీఆప్టోమ్. చివరి ఏడాది ఆసుపత్రిలో పని నేర్చుకోవాలి. మనదేశంలో ఈ నాలుగేళ్ల డిగ్రీకి దారి వేసింది చెన్నైలో 1985లో మొదలైన ఎలీట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ. చూపు కొలవడం, కళ్లద్దాలు రాయడం, కాంటాక్ట్ లెన్సులు అమర్చడం, కంట్లో ఒత్తిడి చూడటం, స్లిట్ ల్యాంప్ కింద కంటిని పరిశీలించడం వీరి పని. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇంకొకటుంది. 'ఇది అద్దాలతో పోయేది కాదు' అని పసిగట్టి సకాలంలో డాక్టర్ దగ్గరికి పంపడం.

మరి మిషన్ ఉండగా ఈ మనిషెందుకు? మిషన్ ఇచ్చేది అంచనా మాత్రమే. దాన్ని పట్టుకుని మన కంటితో మాట్లాడించి అసలు నంబరు తేల్చేది మనిషే. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. పిల్లల కంట్లో ఫోకస్ చేసే కండరం చాలా చురుగ్గా ఉంటుంది. మిషన్‌లోకి చూడగానే అది బిగుసుకుని, లేని మైనస్ పవరు చూపించవచ్చు. అందుకే చుక్కల మందు వేసి, కండరాన్ని సడలించాకే పిల్లల కళ్లు పరీక్షించాలి. చుక్కల మందు లేకుండా అయిదు నిమిషాల్లో పిల్లాడి చేతికి జోడు ఇచ్చేశారంటే ఒకసారి ఆలోచించాల్సిందే.

2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆప్టోమెట్రిస్టులనూ తన పరిధిలోకి తెచ్చింది. కాబట్టి 'మీ చదువేమిటి' అని అడగడం తప్పేమీ కాదు. గోడ మీద సర్టిఫికెట్ చూడటం అమర్యాదా కాదు.

జోడు కుదిర్చే చెయ్యి: ఆప్టీషియన్

చీటీలో ఉన్న నంబరును అద్దంగా మార్చి, మన ముఖానికి అమర్చేవారు ఆప్టీషియన్. వీరి పనిని తక్కువగా చూడకండి. రెండు కనుపాపల మధ్య దూరం ఎంతో కొలిచి, అద్దం మధ్యబిందువు సరిగ్గా దానికి ఎదురుగా వచ్చేట్టు కోయాలి. అది కాస్త తప్పినా తలనొప్పి, కళ్లు లాగడం, నేల ఎగుడుదిగుడుగా కనిపించడం మొదలవుతాయి. దూరానికీ దగ్గరకూ ఒకే అద్దంలో కుదిర్చే ప్రోగ్రెసివ్ లెన్సుల్లో అయితే ఎత్తు కూడా కొలవాలి. వెయ్యి రూపాయల అద్దమైనా పదివేల అద్దమైనా కొలత తప్పితే ఒకటే.

'డాక్టర్ రాసిన నంబరు తప్పు' అని మనం విసుక్కునే సందర్భాల్లో తప్పు నంబరుది కాకపోవచ్చు. ముక్కు మీద జారిపోతున్న ఫ్రేముదీ కావచ్చు. మంచి ఆప్టీషియన్ అయితే రెండు నిమిషాల్లో వంపు సరిచేసి పంపుతారు. కానీ కంటి జబ్బును కనిపెట్టడం వీరి చదువులో లేదు. కొన్ని షాపుల్లో ఆప్టోమెట్రిస్ట్ కూడా ఉంటారు, కొన్నింటిలో మిషన్ మాత్రమే ఉంటుంది. అడిగి తెలుసుకోవాల్సింది మనమే.

ఊళ్లో ఉండే కంటి మనిషి

ఆఫ్తల్మాలజిస్టుల్లో ఎక్కువమంది ఉండేది పట్టణాల్లో. కంటి జబ్బులు మాత్రం పల్లెల్లోనూ ఉన్నాయి. ఈ ఖాళీని పూడ్చేది మధ్యస్థాయి సిబ్బందే.

అంధత్వ నివారణకు కేంద్రం 1976లోనే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రాథమిక, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో కనిపించే ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్లు ఆ కార్యక్రమం తెచ్చినవారే. రెండేళ్ల శిక్షణ పొందిన వీరు చూపు పరీక్షిస్తారు, బళ్లకు వెళ్లి పిల్లల్ని చూస్తారు, శుక్లాలున్న పెద్దవాళ్లను గుర్తించి ఆసుపత్రికి పంపుతారు. ఊళ్లలో 'కళ్ల డాక్టరు గారు' అని పిలిచేది చాలాసార్లు వీరినే.

1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఓ పెద్ద అధ్యయనం జరిగింది. హైదరాబాద్‌తో పాటు పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పదివేలమందికి పైగా కళ్లు పరీక్షించారు. అంధత్వానికి కారణాల్లో దాదాపు 60 శాతం రెండే రెండని తేలింది. ఒకటి శుక్లాలు, రెండోది దృష్టిదోషాలు. మొదటిది చిన్న ఆపరేషన్‌తో, రెండోది ఓ కళ్లజోడుతో పోయేవి. అంటే చాలామంది చూపు పోయింది వైద్యం లేక కాదు, వైద్యం దాకా వెళ్లక!

అందుకే వైద్యాన్నే జనం దగ్గరికి తీసుకెళ్లాలన్న ఆలోచన బలపడింది. 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో ఎల్.వి.ప్రసాద్ సంస్థ గ్రామీణ కంటి ఆసుపత్రి తెరిచింది. తర్వాత సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున విజన్ సెంటర్లు పెట్టుకుంటూ వెళ్లింది. ఇప్పుడవి రెండు వందలు దాటాయి. అక్కడ పనిచేసేది విజన్ టెక్నీషియన్. ఇంటర్ చదివిన స్థానిక యువతీయువకులకే ఏడాదిపాటు శిక్షణ ఇస్తారు. వాళ్లే చూపు చూస్తారు, అద్దాలు రాస్తారు, అనుమానం వస్తే కంటి ఫొటో పెద్ద ఆసుపత్రికి పంపి సలహా అడుగుతారు. మదురైలో 1976లో డాక్టర్ జి.వెంకటస్వామి మొదలుపెట్టిన అరవింద్ ఆసుపత్రి కూడా పల్లెటూరి ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చే నిలదొక్కుకుంది. డాక్టర్ చేయాల్సిన పని డాక్టరే చేయాలి, మిగతాది మరొకరు చేయాలి. ఈ ఒక్క సూత్రంతోనే అక్కడ ఒక్కో సర్జన్ ఎక్కువ ఆపరేషన్లు చేయగలుగుతున్నారు.

ప్రభుత్వాలూ ఈ దారిలో నడిచాయి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో 'కంటి వెలుగు' మొదలైంది. తొలి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగాయి. 2023 జనవరిలో రెండో విడతకు 1,500 బృందాలు కదిలాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అనంతపురంలో 'వైఎస్సార్ కంటి వెలుగు' బడిపిల్లలతో మొదలైంది. ఊరి బడి వరండాలో కుర్చీ వేసి చార్టు చదివించినవాళ్లలో చాలామంది ఆప్టోమెట్రిస్టులూ, ఆఫ్తాల్మిక్ సిబ్బందే.

తెర వెనక ఇంకొందరు

మెల్లకన్ను, రెండు కళ్లూ కలిసి పనిచేయకపోవడం వంటి ఇబ్బందులకు వ్యాయామాలు చేయించేవారు ఆర్థాప్టిస్టులు. ఒక కన్ను మందగించి, మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తే 'సోమరి కన్ను' అంటారు. బాగున్న కంటికి రోజూ కొంతసేపు ప్యాచ్ కట్టి, మందగించిన కంటితో పని చేయిస్తారు. ఇది ఎంత చిన్న వయసులో మొదలైతే అంత మంచిది. ఏడెనిమిదేళ్లు దాటితే ఫలితం తగ్గుతూ పోతుంది.

ఆపరేషన్ చేసినా, అద్దాలు పెట్టినా పూర్తి చూపు రానివాళ్లుంటారు. వాళ్లకు భూతద్దాలు, చిన్న టెలిస్కోపులు, పెద్దక్షరాల పుస్తకాలు, ఫోన్‌లో చదివి వినిపించే ఏర్పాట్లు నేర్పేవారు లో విజన్ నిపుణులు. 'ఇక చేసేదేమీ లేదు' అన్న మాట విన్నాక కూడా వెళ్లదగిన గది ఇది. ఉన్న కొద్దిపాటి చూపుతోనే పిల్లాడు బడికెళ్లేలా, తల్లి వంట చేసుకునేలా చేయగలగడం తక్కువ సంగతేమీ కాదు.

ప్రమాదంలోనో, క్యాన్సర్ వల్లనో కన్ను తీసేయాల్సి వచ్చినవారికి పక్క కంటి రంగులో కృత్రిమ కన్ను తయారుచేసేవారు ఆక్యులరిస్టులు. చూపు రాదు. కానీ నలుగురిలోకి వెళ్లే ధైర్యం వస్తుంది.

నేత్రనిధి సిబ్బంది పని అన్నిటికంటే కష్టమైనది. ఇంట్లో మనిషి పోయి ఏడుస్తున్నవాళ్ల దగ్గరికెళ్లి 'కళ్లు ఇస్తారా' అని అడగాలి. ఆరు గంటల్లోపు కార్నియా సేకరించాలి. అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణతో డాక్టరే రానవసరం లేకుండా శిక్షణ పొందిన టెక్నీషియన్ కూడా సేకరించవచ్చు. వాళ్లు వచ్చేలోగా మనం చేయాల్సింది కొంచెమే. రెప్పలు మూయడం, తడి దూది పెట్టడం, ఫ్యాను ఆపడం, తల కింద దిండు పెట్టడం. కళ్లజోడు వాడినవారు, శుక్లాల ఆపరేషన్ అయినవారు కూడా నేత్రదానం చేయవచ్చు.

చీటీ చదవడం నేర్చుకుందాం

కళ్లద్దాల చీటీలో ఆర్ఈ లేదా ఓడీ అంటే కుడికన్ను. ఎల్ఈ లేదా ఓఎస్ అంటే ఎడమకన్ను. స్ఫియర్ కింద మైనస్ ఉంటే దూరం కనిపించని హ్రస్వదృష్టి, ప్లస్ ఉంటే దూరదృష్టి. సిలిండర్ కింద ఉన్నది కార్నియా వంపులో తేడాకు. దాని పక్కనే ఉండే యాక్సిస్ ఆ అద్దాన్ని ఏ కోణంలో పెట్టాలో చెబుతుంది. యాడ్ అంటే చత్వారానికి కలపాల్సిన దగ్గరి పవరు.

చూపు దగ్గర 6/6 అని ఉంటే ఆరు మీటర్ల దూరంలో మామూలు కన్ను చదివేది మీరూ చదివారని. 6/60 అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివేది మీరు ఆరు మీటర్ల దగ్గరికొస్తే గానీ చదవలేకపోయారని. ఈ చార్టును 1862లో రూపొందించింది హెర్మన్ స్నెల్లెన్ అనే డచ్చి కంటి వైద్యుడు. చీటీ మీది, పారేయకండి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. అద్దాలు ఎక్కడ కొనాలన్నది మీ ఇష్టం.

అమెరికా వెళ్తే...

పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు అక్కడ 'ఐ డాక్టర్' దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంటారు. తీరా వెళ్తే ఆయన ఆప్టోమెట్రిస్ట్! అక్కడ ఆప్టోమెట్రీ అనేది డిగ్రీ తర్వాత మరో నాలుగేళ్లు చదివే డాక్టరేట్. కొన్ని మందులు కూడా రాస్తారు. శుక్లాల ఆపరేషన్‌కు మాత్రం ఆఫ్తల్మాలజిస్టే కావాలి. కళ్లద్దాల బీమా వేరు, వైద్య బీమా వేరు కావడం మామూలే. అక్కడ చీటీ లేకుండా నంబరు అద్దాలు చేయించుకోవడం కుదరదు. ఇక్కడినుంచి వెళ్లేటప్పుడే రెండో జోడు పెట్టెలో పెట్టుకోవడం మేలు.

ఎప్పుడు ఎవరి దగ్గరికి?

* నలభై దాటి దగ్గరి అక్షరాలు కనిపించకపోతే ఆప్టోమెట్రిస్ట్ చాలు. కానీ ఆ వంకతోనే ఒకసారి కంట్లో ఒత్తిడి, నరం పరీక్ష కూడా చేయించుకోండి. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే తప్పనిసరిగా డాక్టర్‌కు చూపించండి.

* జోడు పెట్టుకుంటే తలనొప్పి వస్తుంటే ముందు ఆప్టీషియన్ దగ్గర కొలతలు సరిచూడమనండి. తగ్గకపోతే మళ్లీ పరీక్ష.

* మధుమేహం ఉంటే చూపు బాగున్నా సరే, ఏడాదికోసారి రెటీనా పరీక్ష. ఇది కళ్లజోళ్ల షాపులో అయ్యే పని కాదు.

* ఏడాది తిరక్కుండానే నంబరు పదేపదే మారుతుంటే డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. శుక్లమో, మధుమేహమో కారణం కావచ్చు.

* నెలలు నిండకుండా, 34 వారాలలోపు, లేదా రెండు కిలోలలోపు బరువుతో పుట్టిన బిడ్డకు 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష జరగాలి. ఆలస్యమైతే ఆ బిడ్డ జీవితాంతం చీకట్లో ఉండాల్సి రావచ్చు.

* పిల్లల కనుపాపలో తెల్లటి మెరుపు కనిపించినా, మెల్ల కనిపించినా 'పెద్దయ్యాక అదే పోతుంది' అనుకోవద్దు. అప్పటికప్పుడు డాక్టర్.

* ఉన్నట్టుండి చూపు తగ్గడం, మెరుపులు, నల్లటి తెర కమ్మినట్టు ఉండటం... ఇవి రెటీనా ఊడుతోందన్న హెచ్చరికలు. ఆ రోజే వెళ్లాలి.

* కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు ఉంటే ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిందన్నమాట. గంటలు కూడా విలువైనవే.

* కంట్లో సున్నం గానీ, రసాయనం గానీ పడితే ముందు ఆసుపత్రి కాదు, ముందు నీళ్లు! కనీసం పావుగంట ధారగా కడిగి, అప్పుడు పరుగెత్తాలి.

* కోతల్లో వరి ఆకు గీసుకున్నా, ఊక పడినా పసర్లు, చనుబాలు, ఆముదం వేయవద్దు. ఫంగస్ చేరి నల్లగుడ్డు మీద పుండు పడితే కన్నే పోతుంది.

ఇంకొక్క మాట. మందుల షాపులో 'కన్ను ఎర్రగా ఉంది, చుక్కలివ్వండి' అని అడిగి తెచ్చుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. అలా ఇచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. వేయగానే ఎరుపు పోతుంది, హాయిగా ఉంటుంది. నెలల తరబడి వాడితే మాత్రం నీటికాసులు, శుక్లాలు రెండూ రావచ్చు. పైన చెప్పినవాళ్లలో మందుల షాపాయన లేరన్నది గమనించే ఉంటారు!

ఈసారి కళ్లజోడు మార్చుకోవడానికి బయల్దేరితే అక్కడున్నవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. 'మీరు ఆప్టోమెట్రిస్టా, ఆప్టీషియనా?' అన్నది మొదటిది. 'నా కంటి నరం ఎవరైనా చూశారా?' అన్నది రెండోది. రెండో ప్రశ్నకు 'లేదు' అని జవాబొస్తే మీ పరీక్ష ఇంకా పూర్తికాలేదు.